పన్నెండు పాయింట్లూ చాలలేదు

2013 డిసెంబర్ 11 రాత్రి నేపుల్స్‌లో గొంజాలో హిగ్వాయిన్ మైదానంలోనే ఏడ్చేశాడు. ఎవరైనా టీవీ అప్పుడే పెట్టి ఉంటే ఓడిపోయాడు పాపం అనుకుంటారు. ఓడలేదు, గెలిచి ఏడ్చాడు. ఆర్సెనల్ మీద నాపోలి 2-0తో నెగ్గింది, మొదటి గోల్ అతనిదే. ఛాంపియన్స్ లీగ్ గ్రూపులో ఆరు మ్యాచ్‌లకు నాలుగు గెలిచి 12 పాయింట్లు తెచ్చుకున్న జట్టు ఆ రాత్రి టోర్నీ నుంచి బయటపడింది.

మనకి అప్పటికి తెల్లవారుజాము మూడు దాటింది. నేను విజయవాడలో ఒక దినపత్రిక స్పోర్ట్స్ డెస్క్‌లో పనిచేసేవాణ్ణి. సిటీ ఎడిషన్ ఎప్పుడో ప్రెస్‌కి వెళ్లిపోయింది. యూరప్‌లో చలికాలం మ్యాచ్ మొదలయ్యేదే మనకి ఒంటిగంటంబావుకి. కాబట్టి ఆ ఫలితం మా పాఠకుడికి చేరేది గురువారం కాదు, శుక్రవారం. తొందరేమీ లేదు. అయినా ఇంటికి పోబుద్ధి కాలేదు. డెస్క్‌లో ఉన్నది ఒకటే టీవీ, అందులో నాపోలి. పక్కన కంప్యూటర్లో లైవ్ స్కోరు, అందులో అదే గ్రూపులోని మార్సెయి మీద ఆడుతున్న డార్ట్‌మండ్. గ్రూపు ఆఖరి రాత్రిని అలాగే చూడాలి, ఒక కన్ను ఇక్కడ, ఒక కన్ను అక్కడ.

ఫుట్‌బాల్ అంతగా చూడనివాళ్ల కోసం అప్పటి పద్ధతి చెప్పేస్తాను, రెండు నిమిషాల పని. యూరప్ దేశాల లీగుల్లో పై స్థానాల్లో నిలిచిన క్లబ్బులు 32. వాటిని నాలుగేసి చొప్పున ఎనిమిది గ్రూపులు చేస్తారు. గ్రూపులో ప్రతి జట్టూ మిగతా ముగ్గురితో రెండేసిసార్లు ఆడాలి, సొంతగడ్డ మీద ఒకసారి, వాళ్ల ఊళ్లో ఒకసారి. గెలిస్తే మూడు పాయింట్లు, డ్రా అయితే ఒకటి. ఆరేసి మ్యాచ్‌లు అయ్యాక మొదటి ఇద్దరూ ప్రిక్వార్టర్స్‌కి వెళ్తారు. మూడోవాడు కిందిమెట్టు టోర్నీ అయిన యూరోపా లీగ్‌కి దిగుతాడు. నాలుగోవాడు ఇంటికి. 2003 నుంచి 2024 దాకా నడిచిన పద్ధతి ఇది.

శుక్రవారం పేపర్లో పట్టిక వేశాం. సాయంత్రం నేను డ్యూటీకి వచ్చేసరికి గుడివాడ నుంచి ఒక పెద్దాయన ఫోను. రిటైరైన లెక్కల మాస్టారు.

"ఏవండీ, గ్రూపు ఎఫ్‌లో ముగ్గురికీ పన్నెండేసి వేశారు. అచ్చుతప్పు కాదు గదా?"

"కాదు మాస్టారూ. నిజంగానే ముగ్గురికీ పన్నెండే. మార్సెయికి సున్నా."

"అయితే గోల్ తేడా చూసి ఉంటారు."

"మొత్తం గోల్ తేడా కాదండీ. ముందు ఆ ముగ్గురూ తమలో తాము ఆడినవే చూస్తారు. మార్సెయి మీద కొట్టినవన్నీ పక్కన పెట్టేయాలి."

"ఆగండి, కాగితం తెచ్చుకోనీ."

మన క్రికెట్‌లో ఇద్దరు సమానంగా ఉంటే నెట్ రన్‌రేట్ చూస్తారు, ఎవరి మీద ఎంత బాదినా లెక్కలోకే వస్తుంది. ఛాంపియన్స్ లీగ్ గ్రూపుల్లో అప్పట్లో అలా కాదు. సమానంగా నిలిచినవాళ్లు ముఖాముఖి ఏం చేశారన్నదే మొదటి ప్రశ్న. బక్క జట్టు మీద ఆరు గోల్స్ కొట్టుకుని మురిసిపోతే కుదరదు.

మాస్టారికి ఒక్కొక్కటే చెప్పాను. నేపుల్స్‌లో నాపోలి 2-1తో డార్ట్‌మండ్‌ని ఓడించింది. తిరుగు మ్యాచ్‌లో డార్ట్‌మండ్ 3-1తో బదులు తీర్చుకుంది. లండన్‌లో డార్ట్‌మండ్ 2-1తో ఆర్సెనల్‌ని కొడితే, డార్ట్‌మండ్ వెళ్లి ఆర్సెనల్ 1-0తో నెగ్గింది. ఆర్సెనల్, నాపోలి ఎవరి ఊళ్లో వాళ్లు 2-0తో గెలిచారు. అంటే ముగ్గురూ తలా రెండు గెలిచి తలా రెండు ఓడారు, ఆరేసి పాయింట్లు. అక్కడా తేలలేదు. ఇక ఆ నాలుగేసి మ్యాచ్‌ల గోల్స్ చూడాలి. డార్ట్‌మండ్ ఆరు కొట్టి ఐదు ఇచ్చింది. ఆర్సెనల్ నాలుగు కొట్టి నాలుగు ఇచ్చింది. నాపోలి ఐదు కొట్టి ఆరు ఇచ్చింది. ప్లస్ ఒకటి, సున్నా, మైనస్ ఒకటి. నాపోలి మూడో స్థానం.

అయిపోయిందనుకున్నాను. గంట తిరక్కుండానే మళ్లీ ఆయనే.

"డార్ట్‌మండ్ 3-1తో గెలిచిందన్నారే, ఆ మూడో గోల్ ఎవరిదండీ?"

"ఒబమెయాంగ్‌ది. నవంబర్ 26న, 78వ నిమిషంలో."

"ఆ ఒక్క గోల్ తీసేసి చూడండి."

చూశాను. అప్పటికే 2-1తో ముందున్న జట్టు కొట్టిన గోల్ అది. ఆ రాత్రి మ్యాచ్ ఫలితం దానివల్ల మారలేదు, మా రిపోర్టులో ఒక వాక్యం దక్కించుకుందంతే. అది లేకపోతే డార్ట్‌మండ్‌కి ఐదుకి ఐదు, నాపోలికి ఐదుకి ఐదు, ఆర్సెనల్‌కి నాలుగుకి నాలుగు. ముగ్గురికీ గోల్ తేడా సున్నా! అప్పుడు ఎక్కువ గోల్స్ ఎవరు కొట్టారో చూడాలి. డార్ట్‌మండ్ ఐదు, నాపోలి ఐదు, ఆర్సెనల్ నాలుగు. బయటికెళ్లేది ఆర్సెనల్. హిగ్వాయిన్‌ని ఏడిపించిన గోల్ పదిహేను రోజుల ముందే, వేరే దేశంలో, ఎవరూ పట్టించుకోని వేళ పడిపోయింది. తర్వాత 2018 జనవరిలో ఒబమెయాంగ్ ఆర్సెనల్‌కే వెళ్లాడు. ఆ క్లబ్బుకి అతను చేసిన మొదటి మేలు మాత్రం చేరకముందే చేసేశాడు.

నాకౌట్ మ్యాచ్‌లో గోల్ విలువ ఆ పోరుతోనే సరి. గ్రూపులో గోల్ పోస్టాఫీసు పాస్‌బుక్‌లో జమ పడినట్టు ఉండిపోతుంది, ఎప్పుడు అక్కరకొస్తుందో వేసినవాడికీ తెలియదు. అందుకే 4-0తో గెలుస్తున్న జట్టు ఐదో గోల్ కోసం పరిగెడుతుంటే నాకు ముచ్చటేస్తుంది. 4-0తో ఓడుతున్న జట్టు గోల్‌కీపర్ ఇంకా అరుస్తూ డిఫెండర్లని సర్దుతుంటే మరీ ముచ్చటేస్తుంది.

నాపోలి ఇక్కడ బలి కావడంలో ఒక తమాషా ఉంది. గ్రూపు దశ అనేది పుట్టడానికి కారణమైన మ్యాచ్‌లలో నాపోలిదీ ఒకటి.

1955లో యూరోపియన్ కప్ మొదలైనప్పుడు గ్రూపుల్లేవు. దేశానికో ఛాంపియన్, చీటీ తీస్తారు, రెండు మ్యాచ్‌లు, ఓడితే సంచి సర్దుకోవడమే. 1987లో మారడోనా ఉన్న నాపోలి మొదటిసారి ఇటలీ ఛాంపియనై ఈ కప్‌కి వచ్చింది. మొదటి రౌండ్ చీటీలోనే రియల్ మాడ్రిడ్ తగిలింది. మాడ్రిడ్ ప్రేక్షకులు అంతకుముందు సీజన్లో చేసిన గొడవకి శిక్షగా తొలి మ్యాచ్ ఖాళీ స్టేడియంలో ఆడించారు. తొంభై వేల మంది పట్టే చోట మారడోనా ఖాళీ బెంచీల మధ్య 0-2తో ఓడాడు. నేపుల్స్‌లో 1-1. సెప్టెంబర్ నెల దాటకుండానే లోకంలోకెల్లా గొప్ప ఆటగాడికి ఆ ఏడాది యూరప్ అయిపోయింది.

మిలాన్ యజమాని సిల్వియో బెర్లుస్కోనీకి ఇది కొరుకుడు పడలేదు. టీవీ ఛానళ్లున్న మనిషి. మారడోనా, రియల్ మాడ్రిడ్ ఒకరినొకరు రెండు వారాల్లో ఖాళీ చేసుకుంటే ప్రకటనలు ఎవరికి అమ్మాలి? సాచీ అండ్ సాచీ ప్రకటనల సంస్థలో ఉన్న అలెక్స్ ఫిన్ చేత యూరప్ లీగ్ ఒకటి ఎలా ఉండాలో రాయించాడు. పెద్ద క్లబ్బులు విడిపోయి సొంత దుకాణం పెట్టుకుంటాయన్న భయం యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్‌ఏని పట్టుకుంది. 1991-92లో మొదటిసారి గ్రూపులు వచ్చాయి. రెండు నాకౌట్ రౌండ్లు దాటిన ఎనిమిది జట్లను రెండు గ్రూపులు చేసి, గ్రూపు విజేతలకు నేరుగా ఫైనల్ పెట్టారు. అంతకుముందు ఏడాది కప్ గెలిచిన బెల్‌గ్రేడ్ రెడ్ స్టార్, యుగోస్లావియాలో యుద్ధం వల్ల తన 'సొంతగడ్డ' మ్యాచ్‌లు హంగరీ, బల్గేరియాల్లో ఆడుకోవలసి వచ్చింది. సాంప్డోరియా, బార్సిలోనా ఫైనల్‌కి చేరాయి. వెంబ్లీలో ఎక్స్‌ట్రా టైంలో కూమన్ కొట్టిన ఫ్రీకిక్‌తో బార్సిలోనా మొదటిసారి ఈ కప్ ఎత్తింది.

ఆ తర్వాత ఛాంపియన్స్ లీగ్ అని పేరు మార్చారు, గ్రూపులు రెండు నుంచి నాలుగు, ఆరు, ఎనిమిది అయ్యాయి. 1999 నుంచి నాలుగేళ్లు రెండో గ్రూపు దశ కూడా పెట్టారు. కప్ కొట్టాలంటే 17 మ్యాచ్‌లు. జనానికి మొహం మొత్తింది, 2003లో తీసేశారు.

సరే, పెద్దవాళ్లకి ఒక్క చెడ్డ రాత్రి వల్ల నష్టం రాకూడదని కట్టిన గోడ ఇది. మొదట్లో ఒకటి ఓడినా పూడ్చుకోవచ్చు. న్యూకాజిల్ 2002లో మొదటి మూడూ ఓడి కూడా, ఆఖరి మ్యాచ్ చివరి క్షణాల్లో రాటర్‌డామ్‌లో బెల్లమీ కొట్టిన గోల్‌తో ముందుకెళ్లింది. కానీ ఆ గోడకి ఒక కిటికీ ఉంది, ఆఖరి రాత్రి. ఆరో మ్యాచ్ దగ్గరికి వచ్చేసరికి భద్రత అంతా కరిగిపోయి మళ్లీ ఒక గోల్ మీదికే వస్తుంది. పైగా ఆ గోల్ మనం ఆడుతున్న మైదానంలో పడనక్కర్లేదు. ఇన్నేళ్లు ఈ పట్టికలతోనే గడిపిన నాకు గుర్తుండిపోయిన గ్రూపు మ్యాచ్‌లన్నీ ఆ కిటికీలోంచి చూసినవే.

ఆఖరి రోజు గ్రూపులో రెండు మ్యాచ్‌లూ ఒకే నిమిషానికి మొదలవుతాయి. ఇదేదో టీవీ కోసం చేసిన ఏర్పాటు కాదు, ఒక తలవంపుల తర్వాత నేర్చుకున్న జాగ్రత్త. 1982 ప్రపంచకప్‌లో అల్జీరియా తన ఆఖరి మ్యాచ్ జూన్ 24న ఆడేసింది. మర్నాడు స్పెయిన్‌లోని హిహోన్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా దిగాయి. జర్మనీ 1-0తో గెలిస్తే ఇద్దరూ ముందుకి, అల్జీరియా ఇంటికి. లెక్క ఇద్దరికీ తెలుసు. జర్మనీ పదో నిమిషంలో గోల్ కొట్టింది. కొద్దిసేపయ్యాక ఎవరూ ఎవరి మీదికీ పోకుండా బంతిని అటూ ఇటూ తోసుకుంటూ పొద్దుపుచ్చారు. తర్వాతి ప్రపంచకప్ నుంచి గ్రూపు ఆఖరి మ్యాచ్‌లు ఏకకాలంలో పెట్టడం మొదలైంది. క్లబ్బుల టోర్నీ కూడా అదే పాటించింది.

ఆ ఏర్పాటు వల్లే నాపోలి ఆ రాత్రి సుమారు పావుగంట సేపు ప్రిక్వార్టర్స్‌లో ఉంది. 73వ నిమిషంలో హిగ్వాయిన్ గోల్. అక్కడ మార్సెయిలో 1-1. మార్సెయి మొదటి సగంలోనే ఒకణ్ణి రెడ్‌కార్డుకి పోగొట్టుకుని పదిమందితో ఆడుతోంది, అయినా నిలబడింది. 87వ నిమిషంలో కెవిన్ గ్రాస్‌క్రాయిట్జ్ డార్ట్‌మండ్‌కి రెండో గోల్ కొట్టాడు. కంప్యూటర్ తెర మీద అంకె మారింది. టీవీలో నేపుల్స్ ఇంకా పాడుతూనే ఉంది. వార్త స్టాండ్‌లలోకి పాకడానికి కాసేపు పట్టింది. ఇక నాపోలికి కావలసింది 3-0. ఇంజూరీ టైంలో కయ్యెహోన్ రెండోది కొట్టాడు. మూడోదానికి టైం లేదు.

ఆ రాత్రి నాపోలి కోచ్ రఫా బెనితెజ్. ఇలాంటి లెక్క ఆయనకి కొత్త కాదు, తొమ్మిదేళ్ల ముందు ఇదే లెక్క ఆయన పక్షాన తేలింది.

2004 డిసెంబర్ 8, లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్. ఎదురుగా గ్రీసు జట్టు ఒలింపియాకోస్. వాళ్లకి 10 పాయింట్లు, లివర్‌పూల్‌కి 7. తొలి మ్యాచ్‌లో గ్రీసు వెళ్లి లివర్‌పూల్ 0-1తో ఓడింది. గెలిస్తే ఇద్దరికీ పది. మరి ఎంత తేడాతో గెలవాలి? 1-0 అయితే సరిపోతుంది, ముఖాముఖి సమం, మొత్తం గోల్ తేడాలో లివర్‌పూల్ ముందుంటుంది. 2-0 అయితే ఇంకా మంచిది. 2-1 అయితే మాత్రం చాలదు! ముఖాముఖి 2-2 అవుతుంది గానీ ప్రత్యర్థి ఊళ్లో గోల్ కొట్టినవాళ్లు ఒలింపియాకోసే కాబట్టి వాళ్లు వెళ్తారు. ఆ 'అవే గోల్' నిబంధనని యూఈఎఫ్‌ఏ 2021లో ఎత్తేసింది. అప్పట్లో అది మాకు పట్టిక పక్కన ఒక పెట్టె వేసి వివరించాల్సినంత పని పెట్టేది.

26వ నిమిషంలో రివాల్డో ఫ్రీకిక్ లోపలికి వెళ్లింది. బ్రెజిల్‌కి ప్రపంచకప్ తెచ్చిన ఎడమకాలు అది. ఇప్పుడు లివర్‌పూల్‌కి మూడు గోల్స్ కావాలి, ఇంకొకటి ఇవ్వకూడదు. విరామం అయ్యాక దిగిన సినామా పొంగోల్ రెండు నిమిషాల్లో ఒకటి కొట్టాడు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. పది నిమిషాలుందనగా నీల్ మెలర్ దిగీ దిగగానే రెండోది. 2-1. ఆట చూస్తున్నవాడికి లివర్‌పూల్ గెలుస్తోంది, పట్టిక చూస్తున్నవాడికి లివర్‌పూల్ మునిగిపోతోంది. 86వ నిమిషంలో మెలర్ తలతో దించిన బంతిని స్టీవెన్ జెరార్డ్ పాతిక గజాల దూరం నుంచి కొట్టాడు. అది వలలో పడ్డప్పుడు మా డెస్క్‌లో మెలకువగా ఉన్నది నేనూ, టీ కాచే కుర్రాడూ. వాడికి ఫుట్‌బాల్ తెలియదు, నా కేక విని గ్లాసు వదిలేశాడు. అదే లివర్‌పూల్ మే నెలలో ఇస్తాంబుల్ ఫైనల్లో మిలాన్ మీద 0-3 నుంచి లేచి కప్ కొట్టింది. ఆన్‌ఫీల్డ్‌లో 2-1తోనే ఆగిపోయి ఉంటే ఇస్తాంబుల్ లేదు.

మూడో స్థానం గురించి మా జూనియర్ ఒకడు ఎప్పుడూ వాదించేవాడు. "ఓడినోణ్ణి ఇంకో టోర్నీలోకి తోయడమేంటి సార్? పదో తరగతి తప్పితే ఇంటర్‌లో చేర్చినట్టు!" న్యాయంగా చూస్తే వాడి మాటే సరి. కానీ 1999 నవంబర్ 3న ఇస్తాంబుల్‌లో ఏం జరిగిందో చూడండి. గలటసరాయ్ మీద మిలాన్ 2-1తో ముందుంది. అలాగే ముగిస్తే మిలాన్ గ్రూపులో రెండో స్థానం. 87వ నిమిషంలో హకన్ షుకుర్ గోల్, 2-2. మిలాన్ మూడో స్థానానికి జారింది. చివరి నిమిషంలో పెనాల్టీ, 3-2. మిలాన్ నాలుగో స్థానం. ఐదు నిమిషాల్లో రెండు మెట్లు దిగి, బెర్లుస్కోనీ జట్టు ఆ ఏడాదికి యూరప్ నుంచే బయటికెళ్లింది, ఆయన కోరి తెప్పించుకున్న పద్ధతిలోనే. మూడో స్థానంతో యూఈఎఫ్‌ఏ కప్‌లోకి (యూరోపా లీగ్‌కి అప్పటి పేరు) దిగిన గలటసరాయ్ ఆ కప్‌నే గెలిచేసింది. ఒక టర్కీ క్లబ్బు యూరప్ ట్రోఫీ గెలవడం అదే మొదలు.

చిన్న క్లబ్బులకి గ్రూపు దశ అంటే ముందు డబ్బు. 2023-24లో గ్రూపులో అడుగుపెడితేనే 1 కోటి 56 లక్షల యూరోలు. ఒక్క గెలుపుకి 28 లక్షలు. చిన్న దేశంలో ఆడే క్లబ్బుకి ఒక్క శరత్కాలంలో మూడు నాలుగేళ్ల బండి నడుస్తుంది. ఆ డబ్బే వాళ్ల దేశపు లీగులో మిగతా క్లబ్బులకి అందనంత ఎత్తుకి ఆ క్లబ్బుని తీసుకుపోతుందన్నది వేరే గొడవ, దాని మీద ఇంకో వ్యాసం రాయొచ్చు. డబ్బు పక్కన పెడితే పేరు. సైప్రస్ నుంచి అపోయెల్ 2011లో పోర్టో, జెనిత్, షాఖ్తార్‌లని వెనక్కి నెట్టి గ్రూపులో మొదటి స్థానం కొట్టింది. 2021 సెప్టెంబర్‌లో షెరీఫ్ టిరాస్పోల్ మాడ్రిడ్ వెళ్లి రియల్‌ని 2-1తో ఓడించింది. మోల్డోవా నుంచి విడిపోయామని చెప్పుకునే, ఐక్యరాజ్య సమితిలో ఏ దేశమూ గుర్తించని ట్రాన్స్‌నిస్ట్రియా అనే పట్టీలాంటి నేల మీది క్లబ్బు అది. నాకౌట్ అయితే రియల్ వారం రోజుల్లో బదులు తీర్చేసేది, కథ అక్కడికి సరి. గ్రూపు కాబట్టి షెరీఫ్ కొన్ని వారాల పాటు పట్టికలో రియల్ మాడ్రిడ్‌కి పైన కూర్చుంది. ఆ పట్టిక నేను స్వయంగా పేజీలో పెట్టాను, పాయింట్ సైజు కాస్త పెంచి.

ఆసియాలో మన క్లబ్బులకీ ఈ రుచి కొద్దిగా తగిలింది. 2021లో ఎఫ్‌సీ గోవా ఆసియా ఛాంపియన్స్ లీగ్ గ్రూపులో ఆడిన మొదటి భారత క్లబ్బు. సొంత మైదానం ఫటోర్డాలో లారాన్ బ్లాంక్ కోచింగ్‌లోని ఖతార్ క్లబ్బు అల్ రయ్యాన్‌ని 0-0తో ఆపింది. మరుసటి ఏడాది రియాద్‌లో ముంబై సిటీ ఇరాక్ క్లబ్బు ఎయిర్‌ఫోర్స్‌ని 2-1తో ఓడించింది. ఆ టోర్నీలో భారత క్లబ్బుకి అదే తొలి గెలుపు. ఏడు పాయింట్లు, గ్రూపులో రెండో స్థానం. ముందుకి వెళ్లలేదు, ఎందుకంటే అక్కడ రెండో స్థానాల్లో మెరుగైన కొందరికే చోటు. ఆ ఏడాదే ఇండియన్ సూపర్ లీగ్ కప్ గెలిచిన మన హైదరాబాద్ ఎఫ్‌సీకి ఆసియా గ్రూపు దక్కలేదు. 2023 మేలో కోజికోడ్‌లో ఆసియా రెండో అంచె టోర్నీ బెర్తు కోసం మోహన్ బగాన్‌తో ఆడి 3-1తో ఓడింది. ఇప్పుడా క్లబ్బు ఢిల్లీ వెళ్లిపోయి పేరు కూడా మార్చుకుంది. ఇక పెద్ద పేర్లని దగ్గరగా చూసే భాగ్యం అంటారా, 2023లో సౌదీ క్లబ్బు అల్ హిలాల్ నవీ ముంబై వచ్చేసరికి ఆ జట్టులోని నేమార్ గాయపడ్డాడు, 2025లో మరో సౌదీ క్లబ్బు అల్ నసర్ గోవా వచ్చినప్పుడు ఆ జట్టులోని రొనాల్డో విమానమే ఎక్కలేదు.

యూరప్‌లో మాత్రం ఆ నాలుగు జట్ల గ్రూపు 2024తో పోయింది. ఎందుకు తీశారంటే, నిజం చెప్పాలి, చాలా గ్రూపులు నీరసంగానే నడిచేవి. జట్లని బలాన్నిబట్టి నాలుగు కుండీల్లో వేసి, ఒక్కో కుండీ నుంచి ఒక్కో బంతి తీసి గ్రూపు కట్టేవారు. మొదటి రెండు కుండీలవాళ్లే చాలాసార్లు పైకొచ్చేవారు. 2023-24లో రియల్ మాడ్రిడ్, మాంచెస్టర్ సిటీ ఆరుకి ఆరు గెలిచాయి. నవంబర్‌లోనే తేలిపోయిన గ్రూపుకి డిసెంబర్‌లో మ్యాచ్ పెడితే కోచ్‌లు కుర్రాళ్లని దించేవారు, మేమూ రెండు ముక్కల్లో సరిపెట్టేవాళ్లం.

కొత్త పద్ధతిలో 36 జట్లకీ కలిపి ఒకటే పట్టిక. ఒక్కొక్కరు ఎనిమిది వేర్వేరు ప్రత్యర్థులతో ఒక్కోసారే ఆడతారు, నాలుగు ఇంట, నాలుగు బయట. మొదటి ఎనిమిది జట్లు నేరుగా ప్రిక్వార్టర్స్‌కి. 9 నుంచి 24 వరకు ప్లేఆఫ్. మిగతా 12 ఇంటికి, కిందిమెట్టు టోర్నీలోకి దిగడం కూడా లేదు. మా జూనియర్ వాదన చివరికి నెగ్గింది. అందరూ అందరితో ఆడరు కాబట్టి ముఖాముఖి లెక్కకి అర్థం లేదు, మొత్తం గోల్ తేడానే చూస్తారు. గుడివాడ మాస్టారికి పని తగ్గింది.

2025 జనవరి 29 రాత్రి 18 మ్యాచ్‌లు ఒకేసారి పెట్టారు. నేనప్పటికి డెస్క్ వదిలేశాను, మా జూనియరే ఇన్‌ఛార్జి. మాంచెస్టర్ సిటీ సగం ఆట అయ్యేసరికి బ్రూజ్ చేతిలో 0-1తో వెనకబడి బయటికి పోయే చోట ఉంది. లేచి 3-1తో గెలిచి 22వ స్థానంతో బతికింది. మంచి కథే. కానీ ఆ పట్టికని తలలో పెట్టుకుని చూడటం నావల్ల కాలేదు. నాలుగు పేర్లయితే సిగరెట్ పెట్టె వెనక రాసుకోవచ్చు, 36 పేర్లని ఫోనులో ఏదో యాప్ లెక్కగట్టి చెబితే నమ్మాలి. ఎవరిదో గోల్ పడుతుంది, ఎవరో పైకి జరుగుతారు, ఎందుకో తెలిసేలోగా ఇంకొకరు జరుగుతారు.

ఇంకో లెక్క కూడా నాకు మింగుడు పడలేదు. పాత పద్ధతిలో 96 మ్యాచ్‌లు ఆడించి 32 మందిలో 16 మందిని తీసేసేవారు. కొత్తదాంట్లో 144 మ్యాచ్‌లు ఆడించి 36 మందిలో తీసేసేది 12 మందిని. ఆ ఏడాది పట్టికలో మొదటి స్థానం లివర్‌పూల్‌ది. 15వ స్థానం పారిస్ సెయింట్ జర్మేన్‌ది. ప్రిక్వార్టర్స్‌లో ఆ ఇద్దరూ ఎదురుపడ్డారు, పెనాల్టీల్లో పారిస్ నెగ్గింది, మే 31న మ్యూనిక్‌లో ఇంటర్‌ని 5-0తో చిత్తుచేసి కప్ కూడా ఎత్తేసింది.

ఇదంతా మా జూనియర్‌కి ఫోన్ చేసి చెప్పాను.

"సార్, మీరు రెండు స్కోర్లు చూసి మురిసిపోయారు, మేం పద్దెనిమిది చూశాం," అన్నాడు వాడు. "మా డెస్క్‌లో ఆ రాత్రి ఒక్కడూ ఇంటికెళ్లలేదు తెలుసా?"

"పట్టిక ఎన్ని జట్లకి వేశావురా?"

"ముప్పై ఆరూ వేశాను సార్. సింగిల్ కాలమ్‌లో పై నుంచి కింద దాకా పట్టేసింది. రంజీ స్కోర్లు తీసి లోపలి పేజీకి తోశాను."